క్వీన్ గ్రేటెస్ట్ హిట్స్ రెండు రికార్డుల సెట్: ఇది నలుగురి కష్టం

ముందే చెప్పేస్తా, డబ్బులు పెట్టి కొనదగ్గ రికార్డు ఇది. అయితే ఏం కొంటా ఉన్నామో తెలుసుకుని కొంటే ఇంకా బాగా చెవికెక్కుతుంది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తా ఉన్నా. క్వీన్ అంటే నలుగురున్న ఇంగ్లండ్ రాక్ బ్యాండ్, వాళ్ళ హిట్టు పాటలు ఏరి పెట్టిన ఈ గ్రేటెస్ట్ హిట్స్ మొదట 1981 అక్టోబర్లో ఇంగ్లండ్‌లో వచ్చింది. నేను కొన్నది రెండు రికార్డుల సెట్, ఒక్కోటి 180 గ్రాములు, లండన్ అబీ రోడ్ స్టూడియోలో హాఫ్ స్పీడ్‌లో కట్ చేసింది, అదేందో కింద చెప్తా. చెన్నైలో ఉండే మా బావమరిది కొని సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో ఒళ్ళో పెట్టుకుని తిరుపతికి తెచ్చిచ్చినాడు, నాలుగు వేలకి కాస్త అటూ ఇటూ పడింది. దానికి ముందు ఆన్‌లైన్లో ఒకచోట ఆర్డర్ పెడితే వచ్చిన కాపీ వంగిపోయి ఉంది, ముల్లు పెడితే ఆర్మ్ పైకీ కిందకీ ఊగతా ఉంది, వాపస్ పంపించేసినా. ఎండాకాలంలో మాత్రం ఎల్‌పీలు, అంటే ఈ పెద్ద రికార్డులు, కొరియర్లో తెప్పించుకోకండి, మన ఊరి మే నెల ఎండల్లో ఆ డబ్బా ఏ వ్యాన్లో ఎంతసేపు మగ్గుతుందో ఎవరికి తెలుసు.

నేను చేసేది సౌండ్ సర్వీస్, పెళ్ళిళ్ళు, కాలేజీ ఫంక్షన్లు, గంగమ్మ జాతర, ఏదొస్తే అది. రోజంతా స్పీకర్ల ముందరే బతుకు కాబట్టి పాట వింటే పాట ఒక్కటే వినపడదు, దాన్ని ఎట్లా రికార్డ్ చేసినారు, గొంతు ఎక్కడ పెట్టినారు, బేస్ ఎంత ఇచ్చినారు అని మనసు అటే పోతుంది. ఇంట్లో టర్న్‌టేబుల్ మా నాయన కాలం నాటిది. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గారి బాలాజీ పంచరత్నమాల రికార్డుల కోసం కొన్నాడు ఆయన, ఆ 5 రికార్డులూ ఇప్పటికీ మా అమ్మ బీరువాలో భద్రంగా ఉన్నాయి, నిలబెట్టే ఉంటాయి, పడుకోబెడితే అమ్మ ఊరుకోదు. బెల్టు, ముల్లు మార్పించి, ఎర్తింగ్ సరిచేసి హమ్ పోగొట్టినాక అదే ప్లేయర్ మీద ఇది విన్నా.

ప్యాకింగ్ బాగుంది. కవర్ మీద ఉండేది లార్డ్ స్నోడన్ తీసిన ఫోటో, నలుగురూ చీకట్లోంచి మన వైపే చూస్తా ఉంటారు, పెద్ద సైజులో చూస్తేనే దాని అందం, ఫోన్లో గోరంత కనపడితే ఏం తెలుస్తుంది. మొదట్లో ఇది ఒకే రికార్డుగా వచ్చింది, 17 పాటలు, కొంచెం తక్కువ గంట. అంటే సైడుకి దగ్గర దగ్గర అరగంట. ఇక్కడ ఒక విషయం చెప్పాలి. ఎల్‌పీలో ఒక సైడుకి 20 నిమిషాలు దాటే కొద్దీ గీతలు ఇరుకు చేసుకుంటా పోవాలి, గీత ఇరుకైతే సౌండు తగ్గించి కట్ చేయాలి, బేస్ కూడా కోసేయాలి, లేకుంటే పక్క గీతలోకి పోతుంది. అందుకే పాత సింగిల్ రికార్డు వింటే కొంచెం సన్నగా ఉంటుంది, వాల్యూమ్ పెంచితే గరగర కూడా పెరుగుతుంది. ఇప్పుడు అదే సరుకుని నాలుగు సైడులకి పంచినారు, సైడుకి పావుగంట, గీతలకి కావలసినంత చోటు. హాఫ్ స్పీడ్ అంటే ఏమంటే, టేపునీ కట్ చేసే మిషన్నీ సగం వేగంతో తిప్పుతారు, దాంతో ఆ కత్తికి సన్నటి శబ్దాలు చెక్కడానికి రెండింతలు టైం దొరుకుతుంది, తాళం చప్పుడు, చిటికెలు, ఊపిరి తీసుకునేది, ఇవన్నీ తేటగా పడతాయి. కిల్లర్ క్వీన్ మొదట్లో చిటికెలు వస్తాయి చూడండి, ఫోన్లో టిక్ టిక్‌మంటాయి, ఇందులో వేలి కండ వినపడుతుంది. ఈ ఒక్కదానికే నేను డబ్బులు వసూలు అనుకున్నా.

సరే, అసలు విషయానికి వస్తా. మన వైపు క్వీన్ అంటే పాటలు పాడే ఫ్రెడ్డీ మెర్క్యురీ అనేస్తారు, వాళ్ళ మీద 2018లో వచ్చిన సినిమా తర్వాత ఇంకా ఎక్కువ అయింది. ఫ్రెడ్డీ గొప్పోడే, అందులో రెండో మాట లేదు. కానీ ఈ సెట్‌లో ఎవరు ఏ పాట రాసినారో చూసుకుంటే కథ వేరే మాదిరి ఉంటుంది. 17లో 10 ఫ్రెడ్డీవి, 5 గిటార్ వాయించే బ్రయాన్ మేవి, 2 బేస్ గిటార్ జాన్ డీకన్‌వి. వి విల్ రాక్ యూ ఫ్రెడ్డీ రాయలేదు, బ్రయాన్ రాసినాడు. అనదర్ వన్ బైట్స్ ద డస్ట్ ఫ్రెడ్డీది కాదు, నోరు మెదపని డీకన్‌ది. ప్రపంచంలో ఏ స్టేడియంలో చూసినా వినపడే రెండు పాటలు, రెండూ ఆ బ్యాండ్‌లో పాట పాడే మనిషి రాసినవి కావు. నలుగురూ చదువుకున్నోళ్ళే, బ్రయాన్ ఫిజిక్స్, డ్రమ్స్ రోజర్ టేలర్ ముందు పళ్ళ డాక్టర్ చదువు మొదలుపెట్టి తర్వాత బయాలజీకి మారినాడు, డీకన్ ఎలక్ట్రానిక్స్, ఫ్రెడ్డీ ఆర్ట్ కాలేజీ. బ్రయాన్ అయితే మధ్యలో ఆపేసిన పీహెచ్‌డీని ముప్పై ఏళ్ళకి పైగా గడిచినాక 2007లో పూర్తి చేసినాడు, గ్రహాల మధ్య ఉండే దుమ్ము మీద.

ఈ సెట్‌లో నాకు నచ్చని పెద్ద విషయం ఏమంటే పాటలు వచ్చిన వరసలో లేవు. మొదటి పాటే బొహీమియన్ రాప్సొడీ పెట్టేసినారు, అది 1975, తర్వాత ఎగిరి 1980కి పోతుంది, మళ్ళా 1974కి దిగుతుంది. పార్టీలో పెట్టుకోవడానికి బాగుంటుంది కానీ బ్యాండ్ ఎట్లా ఎదిగిందో తెలీదు. నేనైతే కొత్తగా వినేవాళ్ళకి ఏం చెప్తానంటే ఒక్కసారి కష్టమైనా సరే, ముల్లు ఎత్తి పెడతా ఎత్తి పెడతా వచ్చిన వరసలో వినండి.

మొదలుపెట్టాల్సింది సెవెన్ సీస్ ఆఫ్ రై. 1970లో బ్రయాన్, రోజర్ వాయిస్తా ఉన్న స్మైల్ అనే బ్యాండ్‌లో సింగర్ వెళ్ళిపోతే ఫ్రెడ్డీ చేరి పేరు మార్చినాడు, 1971లో డీకన్ చేరినాడు, 1973లో మొదటి ఆల్బమ్ వచ్చి పెద్దగా ఆడలేదు, దాంట్లోంచి ఈ సెట్‌లో ఒక్క పాట కూడా తీసుకోలేదు. 1974లో ఈ సెవెన్ సీస్ ఆఫ్ రై వాళ్ళకి ఇంగ్లండ్‌లో మొదటి హిట్టు, అమ్మకాల లిస్టులో పదో స్థానం దాకా పోయింది. వినండి, అంతా ఒకేసారి మీద పడతారు, పియానో పరుగు, గిటార్ పరుగు, మూడు నిమిషాలు కూడా లేదు. కుర్రోళ్ళు, ఆకలి మీద ఉన్నారు, ఉన్నదంతా ఒకే పాటలో చూపించేయాలని తాపత్రయం.

అదే ఏడాది అమెరికా టూర్లో బ్రయాన్‌కి కామెర్లు వచ్చి టూర్ మధ్యలో ఆగిపోయింది. వెనక్కి వచ్చినాక మళ్ళా కడుపులో పుండుతో ఆసుపత్రి. మిగిలిన ముగ్గురూ స్టూడియోలో పని చేస్తా అతని గిటార్‌కి జాగా వదిలిపెట్టినారు, తేరుకుని వచ్చి నింపినాడు. ఆ ఆల్బమ్ షీర్ హార్ట్ ఎటాక్, అందులోవే కిల్లర్ క్వీన్, నౌ ఐయామ్ హియర్. కిల్లర్ క్వీన్ రెండో స్థానం దాకా పోయింది. దాంట్లో గిటార్ సోలో వచ్చేటప్పుడు ఒక గిటార్ మీద ఇంకో గిటార్ గంటల మాదిరి ఒకదాని వెనక ఒకటి మోగతాయి, ఈ ప్రెసింగ్‌లో, అంటే ఈ అచ్చు రికార్డులో, అవి విడివిడిగా లెక్కపెట్టుకోవచ్చు. మంచాన పడి లేచిన మనిషి వాయించినాడంటే నమ్మబుద్ధి కాదు. ఆ గిటార్ కూడా అంగట్లో కొన్నది కాదు, 1963లో మొదలుపెట్టి వాళ్ళ నాయనతో కలిసి ఇంట్లోనే చేసుకున్నాడు, మెడ పాత చలిమంట గూడు చెక్కతో, స్ప్రింగులు మోటర్‌సైకిల్ ఇంజన్‌వి, మెడ మీద చుక్కలకి గుండీలు. వాయించేది ప్లాస్టిక్ ముక్కతో కాదు, పాత సిక్స్‌పెన్స్ నాణెంతో. అదే గిటార్ ఇప్పటికీ వాయిస్తా ఉన్నాడు.

ఇక బొహీమియన్ రాప్సొడీ. దీని గురించి రాయనోడు లేడు, అయినా సౌండు మనిషిగా నేను చెప్పాల్సింది చెప్తా. 1975లో వేల్స్‌లో రాక్‌ఫీల్డ్ అనే చోట మొదలుపెట్టినారు, ప్రొడ్యూసర్ రాయ్ థామస్ బేకర్. అప్పట్లో టేపు మీద 24 ట్రాకులే. ఇప్పుడు మనం ల్యాప్‌టాప్‌లో వంద ట్రాకులు అడ్డంగా పరుస్తాం, ఒకటి బాగాలేకుంటే తుడిచేసి మళ్ళా పాడిస్తాం. వాళ్ళు ఏం చేసినారంటే ముగ్గురూ, ఫ్రెడ్డీ, బ్రయాన్, రోజర్, ఒక వరస పాడడం, దాని మీద ఇంకో వరస, ట్రాకులు నిండిపోతే అన్నీ కలిపి ఒక ట్రాకు మీదకి దించడం, ఖాళీ అయిన వాటి మీద మళ్ళా పాడడం. మధ్యలో ఆ ఆపెరా (పాటలతోనే నడిచే నాటకం) మాదిరి భాగానికే మూడు వారాలు, రోజుకి పది పన్నెండు గంటలు, మొత్తం 180 దాకా ఓవర్‌డబ్‌లు, అంటే ఒకదాని మీద ఒకటి రికార్డ్ చేసిన పొరలు, అని చెప్తారు. టేపు అన్నిసార్లు తిరిగి తిరిగి పైన పూత అరిగిపోయి వెలుతురుకి పట్టి చూస్తే అవతలి వైపు కనపడేదని బ్రయాన్ చెప్పినాడు. టేపుతో పని చేసిన వాళ్ళకి తెలుస్తుంది అదెంత భయం పుట్టించే విషయమో, ఇంకొక్కసారి తెగితే అంతా పోయినట్టే.

డీకన్ ఆ గొంతుల్లో లేడు. ముగ్గురే అంతమందిగా వినపడతారు. పైన ఉండే సన్నటి కీచు గొంతు ఫ్రెడ్డీది అనుకుంటారు చాలామంది, అది డ్రమ్స్ వాయించే రోజర్‌ది. ఈ ప్రెసింగ్‌లో మొదట్లో గుంపు గొంతులు వచ్చేచోట గది నిశ్శబ్దంగా పెట్టుకుని వినండి, ఒక మాట ఎడమ స్పీకర్‌లోకి పోతుంది, దాని జవాబు కుడి వైపుకి పోతుంది. బ్లూటూత్ డబ్బాలో ఇది సగానికి సగం పోతుంది, ఎందుకంటే ఆ చిన్న డబ్బాలో ఎడమా లేదు కుడీ లేదు. రెండు స్పీకర్లని ఆరడుగుల దూరంలో పెట్టి మధ్యలో కూర్చోండి, అంత చాలు, ఖరీదైన సిస్టమ్ ఏమీ అక్కర్లేదు.

పాట 5 నిమిషాల 55 సెకన్లు. రేడియోలో ఎవరూ వేయరు, కోసేయండి అన్నారు కంపెనీ వాళ్ళు, వీళ్ళు ఒప్పుకోలేదు. లండన్ క్యాపిటల్ రేడియోలో కెన్నీ ఎవరెట్ అనే అతను చేతికొచ్చిన కాపీని ఒక శని, ఆదివారాల్లో 14 సార్లు వేసేసినాడు, సోమవారం జనం అంగళ్ళ మీద పడినారు, అప్పటికి రికార్డు ఇంకా మార్కెట్లోకి రానే లేదు. తర్వాత 9 వారాలు ఇంగ్లండ్‌లో మొదటి స్థానం. టీవీలో వేయడానికి తీసిన వీడియో నాలుగు గంటల్లో తీసేసినారు, చీకట్లో నాలుగు మొహాలు కనపడేది అదే.

ఆ పక్కనే యూ ఆర్ మై బెస్ట్ ఫ్రెండ్ వినండి, అదే ఆల్బమ్, అదే ఏడాది రికార్డింగ్. డీకన్ తన భార్య కోసం రాసినాడు. ఎలక్ట్రిక్ పియానో మీద వాయించాలన్నాడు, ఫ్రెడ్డీకి ఆ సౌండు నచ్చలేదు, నేను వాయించను అన్నాడు. సరేనని డీకన్ ఇంటికి తీసుకుపోయి నేర్చుకుని తనే వాయించినాడు. బ్యాండ్‌లో అందరికంటే చిన్నోడు, అందరికంటే చివర్లో చేరినోడు, పాడనే పాడడు, అయినా తన పాట తనకి కావలసిన సౌండుతోనే వచ్చింది చూడండి, ఆ నలుగురి మధ్య ఉండే మర్యాద నాకు అక్కడ కనపడింది. ఈ డీకనే చెత్తలో పడేసిన ఒక సర్క్యూట్ బోర్డు ఏరుకొచ్చి, చిన్న స్పీకర్ డబ్బాలో బిగించి, బ్యాటరీతో నడిచే యాంప్లిఫైయర్ చేసినాడు. బ్రయాన్ తన గిటార్‌ని దాంట్లోంచి వాయించి బాకాలు, క్లారినెట్లు మోగినట్టు వరసలు కట్టినాడు, గుడ్ కంపెనీ అనే పాటలో ఉంటుంది అది. ఆ పాట ఈ సెట్‌లో లేదు, నాకు బాధే, కానీ అది ఎప్పుడూ హిట్టు కాదు కాబట్టి తప్పు పట్టలేం.

సంబడీ టు లవ్ గురించి ఒక ముక్క. 1976. నేను ఆ సైడు పెట్టి వింటా ఉంటే మా అమ్మ చిక్కుడుకాయలు తుంచతా హాల్లో కూర్చోనుంది, ఇంగ్లీషు పాటలంటే ఆమెకి ఏమీ పట్టదు. గుంపు గొంతులు అందుకునే చోట చెయ్యి ఆపి, "ఎంతమంది పాడతా ఉండారురా?" అనింది. ముగ్గురేమ్మా అంటే నమ్మలేదు. "ముగ్గురా, నాకు చెప్తావా, ఇరవై మందన్నా ఉండారు" అనింది. మళ్ళా పెట్టి చూపించినా, ఒక్కో గొంతూ ఎక్కడెక్కడ పేరుస్తా పోయినారో వేలితో చూపిస్తా. పాట అయిపోయినాక "గొంతు బాగుండాది ఆ అబ్బాయిది, ఏడుస్తా పాడతా ఉండాడు కదా" అని మళ్ళా చిక్కుడుకాయలు అందుకుంది. ఎమ్మెస్ గారి గొంతు తప్ప ఇంకో గొంతుని ఆమె మెచ్చుకోవడం అరుదు.

ఆమెకి అప్పుడు చెప్పినా, ఆ అబ్బాయి చదువుకుంది మన దేశంలోనే అని. అసలు పేరు ఫరూఖ్ బుల్సారా, పార్సీలు, 1946లో జాంజిబార్‌లో పుట్టినాడు, ఎనిమిదేళ్ళప్పుడు మహారాష్ట్రలో పంచగనిలో హాస్టల్ స్కూల్లో వేసినారు, పియానో అక్కడే, మొదటి బ్యాండ్ కూడా ఆ స్కూల్లోనే, హెక్టిక్స్ అని పేరు. 1964లో జాంజిబార్‌లో తిరుగుబాటు వస్తే కుటుంబమంతా ఇంగ్లండ్‌కి పోయినారు.

వి విల్ రాక్ యూ దగ్గర ఆగాల్సిందే. 1977లో ఇంగ్లండ్‌లో స్టాఫర్డ్ అనే ఊర్లో కచేరీ అయిపోయినాక జనం ఇళ్ళకి పోకుండా నిలబడి వాళ్ళే పాడినారు. అది విని బ్రయాన్ ఆలోచన చేసినాడు, ఇరుక్కుని నిలబడిన జనం ఏం చేయగలరు, కాలు తొక్కగలరు, చప్పట్లు కొట్టగలరు, పాడగలరు, ఇంకేం కావాలి అని. లండన్‌లో వెసెక్స్ స్టూడియో పాత చర్చి కట్టడం, అక్కడ పడున్న చెక్కల మీద కాళ్ళతో తొక్కి, చప్పట్లు కొట్టి, దాన్నే మళ్ళా మళ్ళా రికార్డ్ చేసినారు. ఇక్కడ ఫిజిక్స్ పనికొచ్చింది. మామూలు ఎకో పెడితే గుహలో ఉన్నట్టు ఉంటుంది, స్టేడియం ఉండదు. అందుకని ఒక్కో ట్రాకునీ ఒక్కో కొలతలో వెనక్కి జరిపినాడు, ఆ కొలతలు ఒకదానికొకటి భాగింపబడని ప్రైమ్ నంబర్ల లెక్కలో పెట్టుకున్నాడు, దాంతో ఏ రెండు చప్పుళ్ళూ ఒకదాని మీద ఒకటి పడవు, నీ చుట్టూ దూరం దూరంగా మనుషులు నిలబడి కొడతా ఉన్నట్టే ఉంటుంది. ఎకో అసలు లేదు అందులో.

మొన్న ఒక కాలేజీ ఫెస్ట్‌కి సౌండు పెట్టినాం, చెకింగ్‌కి ఈ పాటే వేసినా. మా దగ్గర పని చేసే కుర్రోడు మిక్సర్ ముందర నిలబడి లో, మిడ్ అన్నీ తిప్పి చూసి "అన్నా, డ్రమ్స్ యాడుండాయి ఇందులో?" అన్నాడు. లేవు నాయనా అన్నా. డ్రమ్స్ లేవు, బేస్ లేదు, గిటార్ కూడా ఆఖర్లో వస్తుంది. వాడు తేరుకునే లోపల గ్రౌండ్ చివర కుర్చీలు వేస్తా ఉన్న పిల్లోళ్ళు, ఆ పాట పేరు కూడా తెలీనోళ్ళు, ఇనప కుర్చీల మీద మొదలుపెట్టేసినారు, రెండు దెబ్బలు ఒక చప్పట్టు. జాతరలో పంబలు, డప్పులు మోగేటప్పుడు జనం కాళ్ళు వాటంతట అవే కదలడం ఏళ్ళ తరబడి చూస్తా ఉన్నా నేను, వాయించే వాళ్ళే లేకుండా ఒక రికార్డు ఆ పని చేయడం మాత్రం ఈ పాట దగ్గరే చూసినా. ఈ ఎల్‌పీలో ఆ తొక్కుడు చెక్క మీద పడేది స్పష్టంగా తెలుస్తుంది, సబ్‌ఊఫర్ ఎక్కువ పెట్టి పాడు చేసుకోకండి, చెక్క చప్పుడు పోయి ఉత్తి దడదడ మిగులుతుంది. దాని వెనకాలే వి ఆర్ ద ఛాంపియన్స్ వస్తుంది, అప్పట్లో విడిగా వచ్చిన చిన్న రికార్డుకి (సింగిల్ అంటారు) రెండు వైపులా ఈ రెండే ఉన్నాయి, ఇక్కడ కూడా విడదీయకుండా ఆఖర్లో పెట్టినందుకు సంతోషం.

1978లో వచ్చిన జాజ్ అనే పేరున్న ఆల్బమ్‌లో బైసికిల్ రేస్, మధ్యలో సైకిల్ బెల్లులు గుంపుగా మోగుతాయి, చిన్నపిల్లలకి భలే ఇష్టం. ఫ్యాట్ బాటమ్డ్ గర్ల్స్ ఇందులో కోసిన సింగిల్ వెర్షన్, అసలు ఆల్బమ్‌లో దగ్గర దగ్గర నిమిషం ఎక్కువ ఉంటుంది, రెండు రికార్డులు ఇచ్చి ఇంత చోటు పెట్టుకుని కూడా పూర్తి పాట ఇచ్చుండచ్చు కదా అనిపించింది. డోంట్ స్టాప్ మీ నౌ అప్పట్లో ఇంగ్లండ్‌లో తొమ్మిదో స్థానంతో సరిపెట్టుకుంది, ఇప్పుడు చూస్తే పెళ్ళి రిసెప్షన్లలో కుర్రోళ్ళు అడిగి మరీ వేయించుకుంటా ఉన్నారు.

1980 వాళ్ళకి పెద్ద మలుపు. అంతకుముందు కొన్ని ఆల్బమ్ కవర్ల మీద మేము సింథసైజర్ (కరెంటుతో శబ్దాలు పుట్టించే కీబోర్డు) వాడలేదు అని గర్వంగా రాసుకునేవాళ్ళు, ద గేమ్ ఆల్బమ్‌తో వాడడం మొదలుపెట్టినారు. ప్లే ద గేమ్ మొదట్లో వినపడే హోరు అదే. క్రేజీ లిటిల్ థింగ్ కాల్డ్ లవ్ ఫ్రెడ్డీ మ్యూనిక్‌లో హోటల్ బాత్‌టబ్‌లో కూర్చుని రాసినాడు, అమెరికాలో మొదటి స్థానం. అదే ఏడాది అనదర్ వన్ బైట్స్ ద డస్ట్, దీన్ని సింగిల్‌గా విడుదల చేయాలని బ్యాండ్‌లో ముందు అనుకోలేదు, కచేరీకి వచ్చిన మైకేల్ జాక్సన్ ఇది బయటికి వదలండి అన్నాడు, అమెరికాలో మూడు వారాలు మొదటి స్థానంలో నిలబడింది. వినండి, ఎంత ఖాళీ ఉందో ఆ పాటలో. డీకన్ బేస్, పొడిగా కొట్టిన డ్రమ్స్, కొంచెం గిటార్, మధ్య మధ్యలో వెనక్కి తిప్పిన పియానో, దగ్గర దగ్గర అంతే. 1975లో 180 గొంతులు పేర్చినోళ్ళే ఐదేళ్ళకి ఇన్ని తీసేసి పాట కట్టినారు. నా వరకు ఈ సెట్ మొత్తం మీద బేస్ బాగా వచ్చింది ఈ పాటలోనే, గట్టిగా, గుండ్రంగా, పక్కింటోళ్ళకి కూడా వినపడేలాగా. ఫ్లాష్ మాత్రం సినిమా కోసం చేసింది, మధ్యలో డైలాగులు వస్తా ఉంటాయి, ఈ పాటల మధ్య నాకు అతకలేదు, నేను దాటించేస్తా.

ఇందులో లేనివి కూడా తెలుసుకోండి. 1981 దగ్గర ఆగిపోతుంది కథ. ఇంకో ఇంగ్లండ్ సింగర్ డేవిడ్ బౌవీతో చేసిన అండర్ ప్రెషర్ అదే అక్టోబర్లో వచ్చింది కానీ ఈ ఇంగ్లండ్ లిస్టులో లేదు, అప్పటి అమెరికా ఎడిషన్లో మాత్రం పెట్టినారు. రోజర్ రాసిన పాట ఒక్కటి కూడా లేదు, రేడియో గా గా 1984లో, ఎ కైండ్ ఆఫ్ మ్యాజిక్ 1986లో వచ్చినాయి, అవన్నీ 1991లో వచ్చిన రెండో వాల్యూమ్‌లో ఉన్నాయి. అంటే నలుగురి పని అని నేను చెప్తా ఉన్నది పూర్తిగా వినపడాలంటే ఆ రెండోది కూడా కావాల్సిందే.

1985 జులై 13, లండన్ వెంబ్లీ స్టేడియంలో లైవ్ ఎయిడ్ అనే సాయం కచేరీ, 72 వేల మంది జనం, ఒక్కో బ్యాండుకి 20 నిమిషాల లెక్క. వీళ్ళు ముందే థియేటర్ తీసుకుని గడియారం పెట్టుకుని ప్రాక్టీస్ చేసి పోయినారు. పాడిన ఆరు పాటల్లో నాలుగు ఈ సెట్‌లోవే, అప్పటికే అందరికీ నోటికొచ్చినవి కాబట్టే ఆ మైదానం మొత్తం వాళ్ళ చేతిలోకి వచ్చేసింది. ఆ వీడియో చూసినోళ్ళు ఫ్రెడ్డీనే చూస్తారు, ఒకసారి డీకన్‌నీ రోజర్‌నీ చూడండి, ఎక్కడా వేగం పెరగదు, ఎక్కడా జారదు. 1986 ఆగస్టు 9న నెబ్‌వర్త్‌లో చేసింది ఫ్రెడ్డీతో ఆఖరి కచేరీ. 1991 నవంబర్ 23న తనకి ఎయిడ్స్ ఉందని ప్రకటన ఇచ్చినాడు, మరుసటి రోజు పోయినాడు, 45 ఏళ్ళు. 1992 ఏప్రిల్‌లో అదే వెంబ్లీలో మిగిలిన ముగ్గురూ అతని కోసం కచేరీ పెట్టినారు. కొన్నాళ్ళకి డీకన్ సంగీతం నుంచే తప్పుకున్నాడు, ఫ్రెడ్డీ లేకుండా తనకి ఇష్టం లేదు. బ్రయాన్, రోజర్ ఇప్పటికీ వాయిస్తా ఉన్నారు.

ఈ గ్రేటెస్ట్ హిట్స్ ఇంగ్లండ్ ఒక్కదాంట్లోనే 2022లో 70 లక్షలు దాటింది, అంత అమ్ముడుపోయిన ఆల్బమ్ ఆ దేశంలో ఇంకోటి లేదు.

మార్కులు వేయమంటే సౌండుకి 5కి 5, పాటల ఎంపికకి 4, వరసకి 2. సొంతంగా టర్న్‌టేబుల్ లేనోళ్ళు దీని కోసం కొత్తగా కొనాల్సిన పని లేదు, మంచి వైర్డ్ ఇయర్‌ఫోన్లో విన్నా చాలా మటుకు అందుతుంది. ఉన్నోళ్ళు కొనేటప్పుడు డబ్బా వెనకాల చూడండి, 17 పాటలు ఉంటే ఇదే, 14 ఉంటే పాత అమెరికా లిస్టు అయ్యుంటుంది. లోపల రెండు రికార్డులు ఉన్నాయో లేదో అడగండి, ఒకే రికార్డున్నది తక్కువ రేటుకి ఇస్తామంటే వద్దనండి. వీలైతే సీలు విప్పించి వెలుతురులో అడ్డంగా పట్టుకుని వంకర ఉందేమో చూసి తీసుకోండి. ఇంటికి తెచ్చినాక నిలబెట్టి పెట్టండి, బీరువా మీద పడుకోబెట్టి మన ఎండాకాలానికి అప్పజెప్పకండి. రెండో వాల్యూమ్ బావమరిదికి చెప్పి పెట్టినా, చలికాలంలో తెస్తానన్నాడు, వచ్చినాక రోజర్ పాటల గురించి విడిగా రాస్తా.